నల్లికి కట్టిన గుడ్డ

కాలిన గొట్టాల మీద మట్టి కప్పారు. ముందు ఆ తప్పు రాసి, తరువాత మనిషి గురించి రాస్తాను. పోయిన వేసవిలో మా క్వారీ చెత్తగుట్ట అంటుకున్నప్పుడు, లోపలి మురుగును బయటికి తోడే గొట్టాలు కరిగిపోయాయి. గుట్ట బాగోగులు చూస్తామని కాంట్రాక్టు పుచ్చుకున్న కంపెనీ వాటిని మార్చలేదు. వాటి మీద ఎర్రమట్టి పోసి, రోలరు తిప్పి, ‘మరమ్మతు పూర్తయింది’ అని బోర్డు నాటింది. పై ఆఫీసు వచ్చి చూసి సంతకం పెట్టింది. కళ్ళు మూసుకుని పెట్టిందని అనను. కళ్ళు తెరిచే ఉన్నాయి, ముక్కు మూసుకుంది.

ఆ మట్టి తీసి చూపించమని అందరికన్నా ముందు అడిగిన మనిషి మొన్న మంగళవారం పోయింది.

బొమ్మసంద్రలో నేను పనిచేసే ఫ్యాక్టరీ క్యాంటీన్లో చిత్రాన్నం ముందు పెట్టుకుని ఫోను తీశాను. మా లేఅవుట్ వాట్సాప్ గ్రూపులో అమ్మ పెట్టిన మెసేజి ఉంది: ‘నర్సమ్మ పోయింది. తెల్లారి లేవలేదు.’ దాని కిందే కంపెనీ మనిషి పెట్టిన ఫొటో. లారీ నిండా పచ్చగడ్డి, చాపల్లా చుట్టి పేర్చి ఉంది. ‘వచ్చే సోమవారం నుంచి గుట్ట మీద గ్రీనరీ వర్క్. అందరూ సహకరించగలరు.’ మా వీధి పెద్దమనిషి ఒకాయన పై మెసేజికి దండం బొమ్మ, కింది మెసేజికి చప్పట్ల బొమ్మ పెట్టాడు. రెంటికీ మధ్య గుటక కూడా మింగినట్టు లేదు. చేతిలో ముద్ద తిరిగి పళ్ళెంలో పెట్టేశాను. ఏడుపు వల్ల అనుకుని పక్కనున్న అమ్మాయి నీళ్ళు అందించింది. ఏడుపు కాదు, అసహ్యం. ఏడుపు ఇంటికొచ్చి ఆమె గేటు చూశాక వచ్చింది.

గడ్డి పరిచాక ఇక ఆ మట్టిని ఎవరూ తవ్వరు. తవ్వమంటే ‘పార్కును పాడుచేస్తారా’ అని మనల్నే అడుగుతారు. చివరిదాకా ఆమె భయం అదే. కాబట్టి ఇది సంతాపసభలో చదివి మడిచి పెట్టుకోవడానికి రాస్తున్నది కాదు. సోమవారం లోపు మీ చేతికి అందాలని రాస్తున్నాను.

నర్సమ్మ అన్నది ఆమె పేరు కాదు, పని. గుంటూరు వైపు నుంచి నర్సు ఉద్యోగానికి బెంగళూరు వచ్చి, ఆపరేషను వార్డులో పనిచేసి, రిటైరయ్యే ముందే మా వీధి చివర చిన్న ఇల్లు కట్టుకుంది. అప్పటికి గుట్ట లేదు. రాయి కొట్టుకుని వదిలేసిన క్వారీ గుంత ఉండేది. వానాకాలం నీళ్ళు నిలిస్తే కొంగలు వాలేవట. తరువాత నగరం తను తిని పారేసినదంతా తెచ్చి ఆ గుంతలో పోసింది. గుంత నిండింది, గుట్ట అయింది. చుట్టూ ఇళ్ళవాళ్ళు అమ్ముకుని వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళారు. ఈమె కదల్లేదు. “నేను ముందొచ్చాను, అది తర్వాతొచ్చింది. లేవాల్సొస్తే అదే లేవాలి” అనేది.

ఆదివారం పొద్దున తెలుగు చర్చికి వెళ్ళి పిల్లలకు పాఠం చెప్పేది. మిగతా రోజులు మా వీధికి నర్సు. జ్వరం చూడాలన్నా, కుట్లు విప్పాలన్నా ఆమె దగ్గరికే. మా ఇంట్లో మాట్లాడేది బెంగళూరు తెలుగు, సగం కన్నడం. ఆమెది కోస్తా తెలుగు. వచ్చిన కొత్తలో అద్దింటి ఓనరమ్మ “నల్లి కట్టేసి పెట్టమ్మా, నీళ్ళు సుమ్మనే వేస్టుగా పోతా ఉండాయి” అంటే, ఈమె లోపలికెళ్ళి మంచం ఎత్తి పరుపు దులిపిందట. ఆమె తెలుగులో నల్లి అంటే మంచంలో కుట్టే పురుగు, మా తెలుగులో కుళాయి. ఈ కథ ఆమే చెప్పి ఆమే ముందు నవ్వేది. “ఆ రోజు నుంచీ నల్లి అంటే నాకు అనుమానమే, దగ్గరికెళ్ళి చూస్తే గానీ నమ్మను” అనేది.

నిజంగానే చూసేది. బోరు తన స్థలంలోదే అయినా, ఒక నల్లి గేటు బయట పెట్టించింది, ఎవరైనా పట్టుకోవచ్చని. దాని మూతికి వారానికొక తెల్లగుడ్డ కట్టేది. పాత పంచె చింపి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, మడతలు వేసి కట్టేది. ముడి కూడా వార్డు ముడే. ఎంత తడిసినా బిగుసుకోదు, ఒక కొస లాగితే విడిపోతుంది. విప్పిన గుడ్డను వెలుగుకు ఎత్తి పట్టి చూసి, ఉతక్కుండా కాంపౌండులో తీగకు క్లిప్పు పెట్టి తగిలించేది. ఒకదాని పక్కన ఒకటి. దారిన పోయేవాళ్ళకు కనబడేలా.

మా నాన్న పొద్దున పాల ప్యాకెట్టుకు పోతూ అక్కడ ఆగకుండా ఉండడు.

“ఏమ్ నర్సమ్మా, నల్లికి దెబ్బ తగిలిందా, కట్టు కట్టినావు?”

“తగిలితే తెలియాలి కదా నాయనా.”

“మాన్పోతుందా లేదా సూదెయ్యాల్నా?”

“నువ్వు నవ్వు. కట్టు కట్టేది దాచడానికి కాదు, రేపు విప్పి చూడ్డానికి.”

ఈ మాట నేను చదివిన ఏ కరపత్రంలోనూ లేదు. ఉండాల్సింది.

గుట్టలోంచి కారే నల్లటి నీళ్ళకు మా వైపు ‘సారు’ అని పేరు. కన్నడంలో సారు అంటే చారు, అన్నంలో పోసుకునేది. చెత్తలారీల వెనక కారుతూ పోయే దాన్ని చూసి ఎవరో లోడు దింపేవాళ్ళు పెట్టిన పేరు, అందరి నోటా పడింది. తెలుగులో సారు అంటే ఆఫీసరు కదా, మా నాన్నకు అది చాలు. గట్టి వాన పడి మురుగు వీధిలోకి వచ్చిన రోజు గుమ్మంలో నిలబడి అందరికీ వినబడేలా అనేవాడు: “సారు వచ్చేసింది, సార్లే ఇంకా రాలేదు.” వీధంతా నవ్వేది. నర్సమ్మ నవ్వేది కాదు.

“తిండి పేరు దానికెందుకు పెడతారు? అది చీము. చీమనే అనండి.”

“అట్లంటే బాగుండదు కదమ్మా.”

“బాగుండకూడదనే.”

పేరు వల్ల ఏమవుతుందిలే అనుకున్నాను నేను. కానీ మా వీధి పిల్లలు చారన్నం ముట్టడం మానేశారు. పళ్ళెంలో పోస్తే వాసన చూసి పక్కకు నెట్టేవాళ్ళు. కంపెనీ మన నీళ్ళే కాదు, మన నోట్లో మాటను కూడా పాడుచేసింది. ఇది ఏ పరీక్షలోనూ తేలదు.

మంట గుట్టలో పుట్టలేదు. పక్క నీలగిరి తోపులో ఎండుగడ్డి అంటుకుని, గాలికి గోడ దూకి వచ్చింది. చెత్తలో పడ్డ మంట ఆకులో పడ్డ మంటలా కాదు. పైన ఆరినట్టు ఉంటుంది, లోపల తింటూ ఉంటుంది. ఆరబెట్టిన వడియాల మీద, దండెం మీది బట్టల మీద, నిద్రపోతున్న పసివాళ్ళ మొహాల మీద నల్ల పెచ్చులు పడ్డాయి. కాలిన చెప్పు, కుళ్ళిన గుడ్డు కలిపి ముక్కులో కూరినట్టు ఉండేది వాసన. ఫైరింజన్లు రోజుల తరబడి నీళ్ళు కొట్టాయి. ఆర్పినవాళ్ళను తప్పు పట్టను, వాళ్ళ కళ్ళు నిప్పుల్లా అయ్యాయి. కానీ కొట్టిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? బూడిదనూ కరిగిన ప్లాస్టిక్కునూ కలుపుకుని కిందికే పోతాయి.

పొగ తగ్గాక నర్సమ్మ నన్ను తోడు తీసుకుని గుట్ట అంచుకు బయల్దేరింది. సెక్యూరిటీ అడ్డం వచ్చాడు.

“లోపలికి బిడే ఆర్డరు లేదమ్మా, ఎవుర్నీ వదిలేకి లేదు.”

“ఈ వయసులో చెత్త దొంగతనం చేస్తానా బాబూ? చూసొస్తాం.”

అతను నవ్వి పక్కకు జరిగాడు.

గుట్ట అడుగున కంకర పరిచి, చిల్లులు పెట్టిన గొట్టాలు వేస్తారు. కుళ్ళు నీళ్ళన్నీ వాటిలోంచి ఒక తొట్టిలోకి దిగాలి. పంపు దాన్ని పైకి తోడి శుద్ధి చేసే మడుగులోకి పంపాలి. ఆ పంపు నడిచినంత కాలమే గుట్ట మనల్ని వదిలేస్తుంది. ఇదంతా నేను చదివి తెలుసుకున్నది, ఆ రోజు కళ్ళారా చూశాను. ఏటవాలు మీది నల్ల గొట్టం మైనంలా వంగి, ఒకచోట పూర్తిగా అతుక్కుపోయి ఉంది. పంపుకు వెళ్ళే వైరు కాలి రాగి తీగ బయటపడింది. మడుగు అంచున పరిచిన మందపు షీటు ముడుచుకుపోయి కింద మన్ను కనబడుతోంది. అన్నిటికన్నా అసహ్యం వేసింది పరీక్ష బోరు దగ్గర. నేల కింద నీళ్ళు బాగున్నాయా లేదా చూడ్డానికి గుట్ట చుట్టూ వేసిన బోర్లు అవి. మా ముందున్నదాని గొట్టం మూతి నేలదాకా కరిగిపోయింది. చుట్టూ నిలిచిన బూడిదనీళ్ళు సుడి తిరుగుతూ ఆ కన్నంలోకే దిగుతున్నాయి. నీళ్ళను కాపలా కాయడానికి పెట్టిన బోరే నీళ్ళలోకి విషం పోసే గరాటా అయింది.

నర్సమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. ఎప్పుడూ పెట్టుకోదు. వార్డు అలవాటు.

“కడుపు ఆపరేషనయ్యాక పక్కన ఒక గొట్టం వదిలి సంచీ తగిలిస్తారు, ఎందుకో తెలుసా?” అంది.

“చీము బయటికి పోవడానికి.”

“ఆ గొట్టం మూసుకుపోతే?”

“లోపలే ఉండిపోతుంది.”

“ఉండిపోదమ్మాయ్. దారి వెతుక్కుంటుంది.”

కొన్నాళ్ళకు టిప్పర్లు వరసగా వచ్చాయి. గొట్టాలు తెస్తున్నారనుకున్నాం. మట్టి తెచ్చారు. కరిగిన గొట్టం కోసేసి కొత్తది వేడి మీద అతికించాలి. పూడిన గొట్టాల్లోకి నీళ్ళు బలంగా కొట్టి కడగాలి. చెడిన బోరును అడుగు నుంచి పైదాకా బంకమన్నూ సిమెంటూ దట్టించి మూసేసి, పక్కన కొత్తది వేయాలి. అవేవీ చెయ్యలేదు. కరిగిన బోరు మూతుల్ని నేలమట్టానికి కోసి, పైన కొత్త మూతలు బిగించి నీలం రంగు వేశారు. ఎండలో ఎంత ముచ్చటగా మెరుస్తాయో చూడాలి. శవానికి పౌడరు రాసినట్టు.

వానలొచ్చాయి. నల్లికి కట్టిన గుడ్డ మొదట పల్చటి టీ రంగుకు వచ్చింది, తరువాత చిక్కటి టీ, తరువాత పేరు పెట్టలేని రంగు. తీగ మీద ఆ గుడ్డలు వరసగా చూస్తే తెల్లగా మొదలై నల్లబడుతూ పోయేవి. నర్సమ్మ వీధి వీధంతా తిరిగి చెప్పింది: “మరగబెట్టుకుని తాగండి. కళపెళా కాగాలి. మరగబెడితే భయం లేదు.” అందరం మరగబెట్టాం. ఆమె చెప్పాక తిరుగుందా? గ్యాసు బండలు ముందే అయిపోయేవి. చల్లారాక గిన్నె అంచున తెల్లటి పొర కట్టేది. అదే క్రిములు చచ్చిన గుర్తనుకున్నాం.

వానలు వెనకపట్టాక కమ్యూనిటీ హాల్లో మీటింగు పెట్టారు. కంపెనీ నుంచి సైటు ఇంజినీరు వచ్చాడు, మా తెలుగబ్బాయే, ఎలక్ట్రానిక్ సిటీలో రూములో ఉంటాడు. బిస్కెట్లు, చిన్న నీళ్ళ బాటిళ్ళు టేబులు మీద పేర్చారు. పై ఆఫీసు నుంచి వచ్చిన ఆఫీసరు చేతులకు శానిటైజరు రాసుకుంటూనే ఉన్నాడు, మమ్మల్ని చూసినప్పుడల్లా ఒకసారి.

“మేడమ్, ఫైర్ డ్యామేజ్ మొత్తం అసెస్ చేశాం. లీచెట్ లైన్స్ అన్నీ ఫంక్షనింగ్‌లోనే ఉన్నాయి. ప్యానిక్ అవ్వాల్సిందేం లేదు,” అన్నాడు ఇంజినీరు.

“లీచెట్ అంటే ఏంటి బాబూ, తెలుగులో చెప్పు,” అంది నర్సమ్మ.

అతను తడుముకున్నాడు. వెనక నుంచి మా నాన్న అందించాడు: “సారు అంటారు సార్.”

హాలంతా నవ్వులు. ఆఫీసరు తననే అన్నారనుకుని మొహం మాడ్చుకున్నాడు. ఆ నవ్వుల్లోనే నర్సమ్మ లేచి నిలబడింది.

“చీము. అది చీము. గొట్టాలు బాగున్నాయంటున్నావు. ఒక్కచోట మట్టి తీసి చూపించు, నేను కూర్చుంటాను.”

“దానికి అప్రూవల్ కావాలి మేడమ్.”

“కప్పడానికి కావాల్సి రాలేదేం?”

అతను కాగితాలు సర్దుకున్నాడు. ఈమె వదలకుండా, మేం ఇన్ని నెలలుగా ఎలా మరగబెట్టుకుని బతుకుతున్నామో చెప్పడం మొదలుపెట్టింది. అప్పుడు ఆ అబ్బాయి ఇంగ్లీషు వదిలేసి మెల్లగా అన్నాడు.

“అమ్మా, మరగబెడితే క్రిములు చస్తాయి. ఇందులో ఉన్నది క్రిములొక్కటే కాదు. ఉప్పునీళ్ళు మరగబెడితే ఉప్పు పోతుందా? నీళ్ళు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. మీరు మరగబెట్టి ఇస్తున్నారంటే...”

ఆఫీసరు అతని మోచెయ్యి పట్టుకుని లాగాడు. నర్సమ్మ కూర్చుంది. బయటికొచ్చాక నేను ఊగిపోతున్నాను. తప్పుచేసిన కంపెనీ మనిషి మనకు పాఠం చెప్పడమా అని. ఆమె అంది, “ఆ అబ్బాయి చెప్పింది నిజం. ఎవరు చెప్పారన్నది తర్వాత.”

మరుసటి రోజు పొద్దున్నే ఆమె మా గుమ్మంలో ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. చెప్పులు విప్పి గడప బయటే నిలబడింది.

“మరగబెడితే భయం లేదని చెప్పాను. నేను చెప్పింది తప్పు. ఆ నీళ్ళు తాగొద్దు, వండొద్దు. పసివాళ్ళకు అసలే వద్దు. ట్యాంకరు నీళ్ళు వాడండి.”

అంతే. పక్కింటికి వెళ్ళింది. మళ్ళీ అదే మాట, అదే నిలబడడం. అలా వీధంతా. మోకాళ్ళ నొప్పితో ప్రతి మెట్టూ గోడ పట్టుకుని ఎక్కింది. కొందరు పోనీలెమ్మన్నారు. మూలింటావిడ, చంటిపిల్ల తల్లి, అలా అనలేదు.

“ఇన్ని దినాలు నా బిడ్డకు నేనే తాపించితిని కదమ్మా. నువ్వు చెప్పినావనే కదా.”

“అవును. నేను చెప్పాననే.”

“ఏమన్నా అయ్యుంటే?”

“డాక్టరు దగ్గరికి నేను తీసుకెళ్తాను. ఇవాళే పోదాం, పిల్లను ఎత్తుకో.”

తీసుకెళ్ళింది. ఆ తరువాతా తీసుకెళ్తూనే ఉంది. వాళ్ళింట్లోకి ఆమెను మళ్ళీ పిలిచింది చేతులు చాచిన ఆ పిల్లే, అమ్మ కాదు.

బోరు పాడుచేసింది కంపెనీ, గడప గడపకూ తల వంచుతున్నది ఈమె. ఇది అన్యాయమని అరిచాను. “వాళ్ళ గొట్టాలు కాలకుండా ఉంటే మీకీ తప్పు చేసే అవసరమే వచ్చేది కాదు. అంతా వాళ్ళ లెక్కలోనే వెయ్యండి.”

“నా తప్పు నాది, వాళ్ళ తప్పు వాళ్ళది. రెండూ ఒక గిన్నెలో పోస్తే ఏది ఎవరిదో తెలియదు. అప్పుడు వాళ్ళకే సుఖం.”

అదే రోజు నల్లి పక్క గోడ మీద ఎర్ర రంగుతో ‘తాగడానికి కాదు’ అని తెలుగులో, కన్నడంలో రాయించింది. గుడ్డ కట్టడం మాత్రం మానలేదు.

రెండు మూడు రోజులకు ఆ ఇంజినీరు అబ్బాయి డ్యూటీకి పోతూ ఆమె గేటు దగ్గర బైకు ఆపాడు. తీగ మీది గుడ్డలు మొదటి నుంచి చివరిదాకా చూశాడు. తనే ఒక గుడ్డ అడిగి నల్లికి కట్టాడు, ముడి తప్పు వేశాడు. నర్సమ్మ విప్పి మళ్ళీ నేర్పింది. “పైన మాట్లాడతానమ్మా” అన్నాడు. మాట్లాడాడో లేదో నాకు తెలియదు. తరువాత సైటుకు ఇంకొకాయన వచ్చాడు. ఈయన తెలుగువాడు కాదు, కన్నడిగుడు కాదు, గుడ్డ చూసేవాడు అసలే కాదు. ఈయన వచ్చాకే గడ్డి సంగతి మొదలైంది.

అప్పుడు నేను ఒక కరపత్రం రాశాను. హంతకులు, రక్తం, మారణహోమం, నాకు తెలిసిన మాటలన్నీ అందులో ఉన్నాయి. నర్సమ్మకు చదివి వినిపించాను. ఆమె కళ్ళజోడు పెట్టుకుని పెన్ను తీసుకుంది.

“ఎవరు చచ్చారు?”

“ఇంకా ఎవరూ... కానీ...”

“అయితే కొట్టెయ్. ఇక్కడ చూడు, గొట్టం కాలింది, మార్చలేదు. బోరు చెడింది, మూయలేదు. ఇది నిజం. నిజం చాలదా నీకు?”

“కోపం లేకపోతే ఎవరూ కదలరు నర్సమ్మా.”

“కోపం ఉండనీ. చేతులు కడుక్కుని పట్టుకో.”

చివరికి కరపత్రంలో మిగిలింది అరపేజీ. దాన్నే పంచాం. ఆ సాయంత్రం నాకు టీ ఇస్తూ అంది, “నేను పోయాక చెత్త చంపిందని రాస్తావు నువ్వు, నాకు తెలుసు. రాయొద్దు. నాకు షుగరుంది, గుండె పాతబడింది, వయసయింది. అబద్ధం ఒక్కటి దొరికితే చాలు, మిగతా నిజాలన్నీ దాంతో ఊడ్చేస్తారు.”

కాబట్టి రాయడం లేదు. ఆమె గుండె ఆగి పోయింది. డాక్టరు అదే రాశాడు, నేనూ అదే రాస్తున్నాను. ఇంతకు మించి రాయను.

బుధవారం సమాధి చేశాం. ఇంటి ముందు షామియానా వేశారు, చర్చివాళ్ళు పాటలు పాడారు. ఎండ మండిపోతోంది. అప్పుడు ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి నీళ్ళ క్యాన్లు దింపారు. ప్రతి క్యానుకూ కంపెనీ పేరుతో స్టిక్కరు. దింపిన మనిషి ‘తాగడానికి కాదు’ అని రాసిన గోడకే వాటిని ఆనించి వరసగా పెట్టాడు. చదువు రాక కాదు, చదవక.

“వాళ్ళ నీళ్ళు ఈ వాకిట్లోనా,” అంది అమ్మ.

“ఈ ఇంటి నీళ్ళు తాగకుండా చేసిందీ వాళ్ళే, క్యాను పంపిందీ వాళ్ళే,” అన్నాడు నాన్న. ఎప్పుడూ నవ్వించే మనిషి. అప్పుడు మాత్రం కింద చూస్తూ అన్నాడు.

అన్నిటినీ రోడ్డు మీదికి దొర్లించేద్దామని లేచాను. చర్చి పిల్లలు పాడి పాడి పెదాలెండి, గ్లాసులు పట్టుకుని అప్పటికే వరసలో నిలబడి ఉన్నారు. ఆమె పాఠం చెప్పిన పిల్లలు. కూర్చుండిపోయాను. కాసేపటికి నేనూ తాగాను. చల్లగా ఉన్నాయి, రుచిగా ఉన్నాయి. గ్లాసు కింద పెట్టాక అసహ్యం వేసింది. వాళ్ళ మీద ఎంతో, ఆ నీళ్ళకు అలవాటు పడిపోతానేమో అని నా మీదా అంతే. క్యాన్లు వస్తాయి, గడ్డి వస్తుంది, గడ్డి మీద బెంచీ వస్తుంది. పొద్దున నడవడానికి వెళ్తాం. కింద చీము తన దారి తను వెతుక్కుంటూ ఉంటుంది.

అందుకే అడుగుతున్నాను. ఆదివారం ఉదయం ఏడు గంటలకు నర్సమ్మ గేటు దగ్గరికి రండి. చర్చికి పోయేవాళ్ళు పోయే ముందు రావచ్చు. వీధి మీటింగులు ఆమె ఎప్పుడూ ఆ వేళకే పెట్టేది. జెండాలు వద్దు, నేను ఊరేగింపులకు పట్టుకెళ్ళేవి కూడా ఇంట్లోనే వదిలి వస్తాను. పార, గడ్డపార వద్దు. శనివారమంతా మీ ఇంటి నల్లికి ఒక తెల్లగుడ్డ కట్టి ఉంచండి. ఆదివారం దాన్ని విప్పి, ఉతక్కుండా చేత్తో పట్టుకుని రండి. ఎలా ఉంటే అలా. తెల్లగా ఉంటే తెల్లగానే తీసుకురండి, అదీ నిజమే. అందరం కలిసి గుట్ట గేటు దాకా నడుస్తాం. అడిగేది ఒక్కటి: గడ్డి పరిచే ముందు మట్టి తీసి గొట్టం చూపించండి. బాగుంటే మేమే గడ్డి మోసుకొస్తాం. కాలి ఉంటే మార్చండి, చచ్చిన బోర్లను అడుగు నుంచి మూయండి.

ఆమె కట్టిన ఆఖరి గుడ్డ ఇంకా ఆ నల్లికే ఉంది. విప్పడానికి మా ఎవరికీ చెయ్యి రాలేదు. అంచులు ఎండి అట్టలా బిరుసెక్కాయి, మధ్యలో మాత్రం తడి. నల్లి కట్టేసే ఉన్నా ఒక చుక్క ఊరి, ఆగి, కిందికి జారుతోంది. ముడి గట్టిగానే ఉంది. దాని రెండు కొసలూ సమానంగా బయటికి వదిలి ఉన్నాయి, ఎవరైనా ఒకటి పట్టుకుని లాగడానికి వీలుగా.